అతుకుల బొంతను తిట్టుగా వాడేవాళ్ళతో ఒక పేచీ



గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఒక మాట నోటికి వచ్చి ఉంటుంది. మన రాజ్యాంగాన్ని కొందరు విమర్శకులు అతుకుల బొంత అన్నారని పాలిటీ గైడ్లలో ఉంటుంది. ఆప్షన్లలో దానికి టిక్కు పెట్టి ముందుకు పోతాం. ఎన్నికలొస్తే టీవీల్లో ఇదే మాట. నాలుగు పార్టీలు కలిస్తే అతుకుల బొంత ప్రభుత్వం. సినిమా నచ్చకపోతే అతుకుల బొంత కథ. మొన్నామధ్య ఒక సెమినార్లో ఒక పెద్ద విమర్శకుడు దళిత స్వీయచరిత్రల గురించి మాట్లాడుతూ, వాటిలో అనుభవం ఉంది గానీ శిల్పం లేదు, అన్నీ అతుకుల బొంతలే అని తేల్చేశాడు. హాల్లో నవ్వులు. వెనక వరసల్లో మా పిల్లలు కూచోనున్నారు. ఆస్పరి, ఆలూరు, హొళగుంద, కౌతాళం నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లలు. వాళ్ళలో చానామంది హాస్టల్లో ఆ రాత్రి పడుకునేది బొంత మీదే.

అక్కడ నాకు ఇచ్చింది రెండు నిమిషాలు. మిగిలింది ఇక్కడ రాస్తున్నా.

నా పేచీ ఇది. చేతికొచ్చిన గుడ్డను చేతికొచ్చిన చోట వేసి కుట్టేదే బొంత అనుకునేవాళ్ళు దాన్ని తిట్టుగా వాడతారు. బొంత కుట్టడం ఒక రచన. దాంట్లో కొలత ఉంది, లెక్క ఉంది, ఎంపిక ఉంది, ఒక ఆడమనిషి ఆలోచన ఉంది. ఆ ఆలోచన మాల మాదిగ వాడల్లో, కూలోళ్ళ ఇళ్ళల్లో, సంచార జాతుల గుడారాల్లో ఉంది కాబట్టి దానికి శిల్పం అనే పేరు దక్కలేదు. ఇంతకు మించి ఇంకో కారణం నాకు కనపడలేదు.

బొంత ఎట్లా పుడుతుందో చూసినవాళ్ళకు నా మాట కొత్తగా ఉండదు. చూడనివాళ్ళ కోసం చెప్తాను.

మా అమ్మ ఆస్పరి పక్క పల్లెలో ఇప్పటికీ బొంతలు కుడుతుంది. మొదట ఇంట్లో ఉన్న పాత గుడ్డలన్నీ ఉతికి ఆరేస్తుంది. ఆరినాక ఒక్కోదాన్నీ రెండు చేతుల్తో పట్టి ఎండకు ఎత్తి చూస్తుంది. నేత ఎక్కడ పలచబడిందో ఎండలో తెలిసిపోతుంది. పలచబడింది లోపలి పొరకు, గట్టిగా ఉన్నది పైకి, అంతకన్నా గట్టిది అంచుకు. పంచె వేరు, నూలు చీర వేరు, పాలిస్టర్ వేరు. పాలిస్టర్ చెమట పీల్చదని దాన్ని ఒంటికి తగిలే వైపు వేయదు. అమ్మ చెప్పే మాట ఒకటుంది: “ముసిలి గుడ్డను అంచున పెట్టగూడదు. పడుచు గుడ్డల మద్దెన పెట్టాల, అప్పుడు అవి దాన్ని కాపాడ్తాయి.”

తరవాత ముక్కలు. కత్తెర తక్కువ. అంచున చిన్న గాటు పెట్టి చించుతుంది. నూలు గుడ్డ దారం వెంబడే చిరుగుతుంది కాబట్టి గీత గీసినట్టు నేరుగా వస్తుంది. అందుకే బొంతలో చదరాలు, పొడుగు పట్టీలు ఎక్కువ. పడుగు పేకల స్వభావం నుంచి వచ్చిన జ్యామితి అది. మూడు మూలల ముక్క కావాలంటే చదరాన్ని మూలకు మూల మడిచి కత్తెరతో కోయాలి. అట్లా ఏటవాలుగా కోసిన వైపు గుడ్డ సాగుతుంది. అందుకే ఆ సాగే వైపును సాగని అంచుకు జత చేసి కుడుతుంది. బడికి పోని మనిషికి ఇది ఎవరు నేర్పారు? వాళ్ళమ్మ నేర్పింది. వాళ్ళమ్మకు ఆమె అమ్మ. మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని గురుశిష్య పరంపర అంటారు, గురువు మగవాడై, పైకులంవాడై ఉంటే.

ఇప్పుడు లెక్క. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు బొంతకు జానెడు చదరాలు వేస్తే పొడవుకు ఎనిమిది, అడ్డానికి ఆరు, మొత్తం 48. ఇందులో ఏ రంగు పక్కన ఏ రంగు పడాలి? ముక్కలన్నీ నేల మీద పరిచి, అరుగు ఎక్కి పైనుంచి చూస్తుంది అమ్మ. దిగి రెండు ముక్కలు మారుస్తుంది. మళ్ళీ ఎక్కుతుంది. “నల్లదాని పక్కన నల్లది పడితే ఆడ గుంత మాదిరి కనపడ్తాది” అంటుంది. లేతరంగు, ముదురురంగు అని రెండే రకాలున్నాయనుకోండి. మూడు వరసల్లో మూడేసి, తొమ్మిది గళ్ళ బ్లాకు ఒక్కటి తీసుకోండి. దాన్ని 512 రకాలుగా అమర్చొచ్చు. నమ్మకం లేకపోతే రెండును తొమ్మిదిసార్లు గుణించి చూడండి. అందులో చెస్ బోర్డు లాంటిది ఒకటి, అడ్డం నిలువు గీతల ముగ్గు లాంటిది ఒకటి, మూల నుంచి మూలకు పోయేది ఒకటి. చిందరవందరగా కనపడేవి వందలు. ఆ వందల్లోంచి కంటికి నిలిచేదాన్ని ఏరుకోవడం పేరే డిజైన్. కాగితం మీద గీయలేదు కాబట్టి ప్లానే లేదనడం, రాసిపెట్టలేదు కాబట్టి మాకు చరిత్రే లేదనడం లాంటిది.

ఒక బొంతకు అమ్మ బారాకట్ట గడుల లెక్క తీసుకుంది. రచ్చబండ మీద గీసే ఆట అది. అయిదు వరసలు, అయిదేసి గళ్ళు, మొత్తం 25. నడిమి గడికి, నాలుగు వైపుల మధ్య గళ్ళకు మాత్రం అడ్డగీతలు. ఆ అయిదు చోట్ల ఎర్ర గుడ్డ, తక్కిన 20 చోట్ల తెలుపు, నీలం మార్చి మార్చి వేసింది. రచ్చబండ మీద మగవాళ్ళు ఆడుతుంటే దూరం నుంచి చూసిన గళ్ళు అవి. మా వాడవాళ్ళు ఆ బండ ఎక్కి కూచోడానికి లేని కాలంలో చూసినవి. అవి బొంత మీదికి వచ్చి మా ఇంట్లో పరుచుకున్నాయి. దీన్ని శిల్పం లేని పని అంటారా?

ఇంక సాహిత్యానికి వస్తా, నేను డాక్టరేట్ చేసింది దాంట్లోనే కాబట్టి.

తెలుగులో ఆదికావ్యం అని మనం పిల్లలకు చెప్పేది ఆంధ్ర మహాభారతం. నన్నయ 11వ శతాబ్దంలో మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆపేశాడు. తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి చివరి దాకా రాశాడు. నడుమ మిగిలిన చిరుగును ఎర్రన 14వ శతాబ్దంలో పూరించాడు. ముగ్గురు మనుషులు, మూడు శతాబ్దాలు, ముగ్గురివీ మూడు తీర్ల భాష. అది కూడా పద్యం, వచనం కలిపిన చంపువు. దీన్ని అతుకుల బొంత అన్న విమర్శకుడు ఒక్కడు ఉన్నాడా? కవిత్రయం అని చేతులు జోడిస్తాం. ఎర్రన అతుకు కనపడకుండా కుట్టాడని మెచ్చుకుంటాం. మెచ్చుకోవాలి కూడా, ఆ పని కష్టమైంది. అదే పని మా అమ్మ చేస్తే తిట్టు ఎందుకయింది?

శతకం తీసుకోండి. నూరు పద్యాలు, దేనికదే విడి. వాటిని కలిపేది మకుటం ఒక్కటే. దాన్ని పద్యాల మాల అంటాం. పూలు దండగా గుచ్చితే పొగడ్త, గుడ్డలు ముక్కలుగా కుడితే తిట్టు. రెండింటిలోనూ ఉన్నది దారమూ సూదే. తేడా ముడిసరుకులో ఉంది. పూలు గుడికి పోతాయి, పాత గుడ్డలు వాడకు వస్తాయి. మన విమర్శ భాష ముడిసరుకు కులం చూసి మార్కులు వేస్తోంది.

దళిత స్వీయచరిత్ర ముక్కలుగా ఎందుకుంటుందో ఆ పెద్దాయన ఒక్కసారి అడగాల్సింది. ఏటా బడి నడుమ ఆగిపోయి, సుగ్గికి పోయి, తిరిగొచ్చి, ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదలైన బతుకును ఒకే తానుగా నేయమంటే ఎట్లా? చిరిగినచోట చిరిగిందని చూపించి, పక్కన గట్టి ముక్క వేసి కుట్టడమే దాని శిల్పం. ఆ శిల్పాన్ని కొలిచే కొలబద్ద ఆయన దగ్గర లేకపోతే ఆ లోటు పుస్తకానిది కాదు.

మళ్ళీ రాజ్యాంగం దగ్గరికి. ఈ విమర్శ బాబాసాహెబ్ బతికుండగానే వచ్చింది. 1935 చట్టంలోంచి తీసుకున్నారు, పరాయి దేశాల రాజ్యాంగాల్లోంచి తెచ్చారు అన్నారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ ఆయన దీనికి జవాబిచ్చాడు. తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదన్నాడు, క్షమాపణ చెప్పనన్నాడు. గైడ్లలో విమర్శ ఉంటుంది, ఈ జవాబు చానా పుస్తకాల్లో ఉండదు. పిల్లలు విమర్శను మాత్రమే బట్టీ పడతారు. బ్రిటన్ నుంచి పార్లమెంటరీ పద్ధతి, ఐర్లాండ్ నుంచి ఆదేశిక సూత్రాలు, అమెరికా నుంచి ప్రాథమిక హక్కుల ఆలోచన అని పట్టిక ఉంటుంది కదా, దాని పక్కన 17వ అధికరణం రాసుకోండి. అంటరానితనం రద్దు. అది ఈ నేల మీద పడిన దెబ్బల్లోంచి తీసిన ముక్క. ఏ ముక్క ఏ పక్కన పడితే గుడ్డ నిలబడుతుందో తెలిసిన మనిషి కుట్టాడు కాబట్టే ఇన్నేళ్ళయినా ఆ బొంత కింద తలదాచుకుంటున్నాం. ఈసారి ఎవరైనా రాజ్యాంగం అతుకుల బొంత అంటే, అవును, బొంత ఎంత పనో నీకు తెలుసా అని అడగండి.

గుడ్డకూ కులానికీ ఉన్న సంబంధం పాతది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురకు శవాల మీది బట్టలే బట్టలని శాసించింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్, ఆయన అనుచరులు తగలబెట్టింది ఈ పుస్తకాన్నే. దానికి ఎదురుగా ఇంకో దారి ఉంది. మా ఆస్పరి నుంచి తుగ్గలి మండలం ఎంతో దూరం లేదు. అక్కడ జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అంటే బౌద్ధం మా చేల గట్ల దాకా వచ్చిన సంగతే. ఆ బౌద్ధంలో భిక్షువులు శ్మశానాల్లో, చెత్తకుప్పల మీద పడేసిన పీలికలు ఏరి, ఉతికి, రంగు వేసి, కుట్టి కట్టుకునేవాళ్ళు. దాన్ని పంసుకూలం అన్నారు. మనువు శిక్షగా వేసిన గుడ్డను వాళ్ళు ఎంచుకుని కట్టుకున్నారు.

ఆ చీవరానికి డిజైన్ ఎక్కడిదో వినయపిటకం చెప్తుంది. బుద్ధుడు మగధ పొలాలను చూశాడట. గట్లతో, వరసలతో, గళ్ళు గళ్ళుగా పరుచుకున్న మళ్ళు. భిక్షువులకు ఇట్లాంటి వస్త్రం కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడట. ఆనందుడు ముక్కలు కోసి, గట్ల లాంటి కుట్లతో కుట్టి తెస్తే, తెలివైనవాడని సంఘం ముందు మెచ్చుకున్నాడట. అన్ని వందల ఏళ్ళ కింద ఈ దేశంలో అతుకుల వస్త్రం కుట్టినవాడి పేరు రాసిపెట్టారు, తెలివి అన్నారు. ఇప్పుడు మనం ఆ మాటను తిట్టుగా వాడుతున్నాం. నడుమ ఏం జరిగిందో చరిత్ర చదివేవాళ్ళకు చెప్పనక్కర లేదు.

ఇక్కడ మనవాళ్ళే కొందరు అడ్డం పడతారని తెలుసు. సార్, బొంత మా పేదరికం గుర్తు, దాన్ని పొగిడితే పేదరికాన్ని పొగిడినట్టు కదా అంటారు. సరైన ప్రశ్న. జవాబు చెప్పే తీరాలి.

మా వైపు ఏటా ఊళ్ళు ఖాళీ అవుతాయి. సుగ్గి అంటాం. వానల్లేక, పనుల్లేక గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు, బెంగుళూరు కట్టడాలకు పోతారు. లారీలోనో ఆటోలోనో ఎక్కించే సామాన్లలో గిన్నెలు, బియ్యం మూట, పిల్లలు, బొంతలు ఉంటాయి. చేను పక్కన టార్పాలిన్ గుడారంలో చలికి కప్పుకునేది అదే, పరుచుకునేది అదే, పసిబిడ్డకు ఉయ్యాల అదే. మిరపకాయలు కోసి వచ్చిన చేతుల్తో ముట్టుకుంటే ఆ ఘాటు బొంతకు పట్టి, ఎన్నిసార్లు ఉతికినా రాత్రి పిల్లలు తుమ్ముతారు. రాష్ట్రంలో పేరున్న పత్తి మార్కెట్టు ఆదోనిలో ఉంది. బట్టల వ్యాపారం చూసి ఆ ఊరిని రెండో బొంబాయి అనేవాళ్ళు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం ఉంది. అటు పత్తి, ఇటు మగ్గం, నడుమ పత్తి ఏరిన చేతులకు కొత్త దుప్పటి లేదు. ఈ అన్యాయాన్ని నేను పొగడడం లేదు. ప్రతి సుగ్గి కూలీకి ఊళ్ళోనే పని, ప్రతి బిడ్డకు ఆగని బడి, మంచి దుప్పటి కావాలి. దాని కోసం కొట్లాడాల్సిందే.

కానీ పేదరికం గుడ్డను ఇస్తుంది, డిజైన్‌ను ఇవ్వదు. చలికి కాగడానికి ముక్కలు ఎట్లా వేసి కుట్టినా సరిపోతుంది. మా అమ్మ అరుగెక్కి దిగి ముక్కలు మార్చింది చలి కోసం కాదు. అది ఆమె మనసు, ఆమె స్వేచ్ఛ. కూలి మేస్త్రీ గానీ భూస్వామి గానీ చెయ్యి పెట్టలేని ఆరడుగుల జాగా అది. పేదరికం పోవాలి. ఆ తెలివి నిలవాలి. చుట్టాలొస్తే బొంత మడిచి మంచం కింద తోసేసే మన చదువుకున్న పిల్లలు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

మనం ఒంటరిగా లేం. బళ్ళారి వైపు పోతే దీన్నే కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ వారసులైన సిద్దిలు కవంది అంటారు. నాలుగు మూలల్లో మడిచిన చిన్న గుడ్డ పూలు కుడితే గానీ అది పూర్తయినట్టు కాదు వాళ్ళకు. రాజస్థాన్, కచ్ఛ్, సింధ్‌లలో రల్లీ కుట్టేవాళ్ళలో మేఘ్వాల్ ఆడవాళ్ళు పేరుమోసినవాళ్ళు. మేఘ్వాల్‌లు దళితులు. ఏ దిక్కు చూసినా ఈ కళ అట్టడుగు చేతుల్లోనే ఉంది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ ఉండేది బానిసల వారసులైన నల్లవాళ్ళు. చేలల్లో చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు ముక్కలు చేసి, నడుమ ఒక చదరం, దాని చుట్టూ పట్టీలు, వాటి చుట్టూ ఇంకో వరస పట్టీలు అట్లా పెంచుకుంటూ పోయి కుట్టేవాళ్ళు. ఇంటికప్పు అని ఆ తీరుకు పేరు. ఓటు హక్కు కోసం పేరు నమోదు చేసుకున్నందుకు ఆ ప్రాంతంలో నల్లవాళ్ళను భూముల్లోంచి గెంటేశారు. ఆ పోరాటం నడుస్తుండగానే 1966లో ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడల మీదికి, తరవాత న్యూయార్క్‌కు ఆ బొంతలు ఎక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీద అచ్చయ్యాయి. 2007లో అందులో కొందరు ఆడవాళ్ళే కోర్టుకు పోవాల్సి వచ్చింది, మా డిజైన్ల మీద వచ్చిన డబ్బులో మా వాటా ఏదని. ఆ కేసులు రాజీతో ముగిశాయి.

ఈ కథలో మనకు రెండు పాఠాలున్నాయి. తిట్టు అనుకున్నది గోడకెక్కే కళ కాగలదు, అది మొదటిది. గోడకెక్కినంత మాత్రాన కుట్టిన చేతికి న్యాయం జరగదు, ఇది రెండోది. రేపు ఏదో బొటిక్ మా బొంతను రెండు వేలకో పదివేలకో అమ్మి, కింద డిజైనర్ పేరు వేసుకుంటుంది. తిట్టినవాళ్ళకూ దోచుకునేవాళ్ళకూ నడుమ మన అమ్మల పేర్లు పోకూడదు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. మా ఊళ్ళల్లో బొంతలు కుడతామని వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు బుడగ జంగాల ఆడవాళ్ళు. 2002 సవరణ చట్టం తరవాత బేడ, బుడగ జంగాల ఎస్సీ గుర్తింపు తెలంగాణ జిల్లాలకే పరిమితమైంది. సరిహద్దుకు ఇటు పక్క కర్నూలులో అదే కులం, అదే గుడారం, అదే దబ్బనం, చేతిలో సర్టిఫికెట్ మాత్రం లేదు. మాల మాదిగ మిత్రులారా, ఈ అన్యాయం మీద మన గొంతు ఎంత లేస్తోంది? ఒక ముక్కను పక్కన పెట్టి బొంత కుడితే ఆ సందులోంచే చలి వస్తుంది.

కాబట్టి చేయాల్సింది చెప్తాను.

తెలుగు ఎం.ఏ., పీహెచ్.డీ. చేసే పిల్లలు ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క బొంతను చదవండి. ఫొటో తీసి ఊరుకోకండి. నేల మీద పరిచి కొలవండి. గళ్ళు లెక్కపెట్టండి. ఏ ముక్క ఎవరి చీర, ఎవరి పంచె, ఆ చోటే ఎందుకు వేశావని అడగండి. ఆమె చెప్పిన పదాలు ఆమె పలికినట్టే రాయండి. కుట్టినామె ఒప్పుకుంటే పేరు, ఊరు, ఏడాది కింద రాయండి. ఆమె ఒప్పుకోకుండా ఆ డిజైన్ ఎవరికీ ఇవ్వకండి. జానపద విజ్ఞానం పేపరులో ప్రాజెక్టుగా పెట్టండి. గైడు కాదంటే నా దగ్గరికి రండి.

రాసేవాళ్ళకు, మాట్లాడేవాళ్ళకు, టీవీల్లో అరిచేవాళ్ళకు ఒక్కటే మాట. కథ నచ్చకపోతే బాగలేదని అనండి, పొందిక లేదని అనండి, తెలుగులో మాటలకు కరువు లేదు. పొందిక లేనిదానికి బొంత పేరు పెట్టే హక్కు, జన్మలో ఒక్కసారైనా 48 గళ్ళు పొందించి కుట్టనివాళ్ళకు లేదు.

వచ్చే వారం సుగ్గి బడుల గురించి రాస్తాను. మీ ఊరి బొంతల కొలతలు పంపండి.

జై భీమ్.